గురుకుల విద్యాలయములకు మూడు ద్వారములు

(మెట్టుగూడలో గ్రామ పంచాయతి సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మీరు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును చూచి వచ్చితిరి. ఆర్ట్సు కళాశాల మెట్లమీద నిలుచుండి ఛాయాచిత్రము తీయించుకొంటిరి. అచ్చటి నుండి తార్నాక మీదుగా మెట్టుగూడకు వచ్చుచుండగా మీలో ఒక సభ్యుడు మమ్ములను ఇట్లడిగెను: "అయ్యా, ఆ మెట్లదాకా మా ఊరి పిల్ల రావలెనన్న, ఎచ్చట బయలుదేరవలెను?" మీ ఊరి బడిలో అయిదవ తరగతి గదియందు, అని మేము బదులు చెప్పితిమి. ఆ సమాధానముతో ఆయనకు తృప్తి కలిగినట్లు తోచలేదు. నిజమే, అది సగము మాట మాత్రమే. తక్కిన సగము ఇప్పుడు చెప్పుచున్నాము.

మేము నలుగురము. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, విరమించిన పిదప ఇచ్చటనే స్థిరపడితిమి. మెట్టుగూడలో రైల్వే ఉద్యోగుల నివాసములు అధికము. లాలాగూడ రైల్వే కార్ఖానాలో పనిచేయువారికి పల్లెలలో చుట్టములు గలరు. ఆ చుట్టములు పిల్లల చదువు విషయమై పట్టణమునకు వచ్చినప్పుడు ఆదివారము ఉదయము మా వసారాకు వత్తురు. దరఖాస్తు నింపుట, ధ్రువపత్రములు సరిచూచుట, పాత ప్రశ్నపత్రములు చేయించుట, ఇదియే మా వ్యాపకము. దీనికొక సంఘము లేదు, బోర్డు లేదు, చందా లేదు. ఇన్ని సంవత్సరములలో మేము గ్రహించినది ఒక్కటి గలదు. గ్రామ బాలలు గురుకుల స్థానములను పరీక్షా మందిరమున పోగొట్టుకొనుచున్నది కొంతయే. పరీక్షకు ముందు, పరీక్షకు తరువాత పోగొట్టుకొనుచున్నది అంతకంటె ఎక్కువ. ఆ ముందు వెనుకల పని యంతయు గ్రామములోనే జరుగవలసినది. కనుకనే ఉపాధ్యాయుల సభలో చెప్పవలసిన మాటలను పంచాయతి సభ్యులైన మీ ఎదుట చెప్ప సాహసించుచున్నాము.

ఈ విద్యాలయములు ఎట్లు పుట్టినవో రెండు మాటలలో చెప్పెదము. మెట్టుగూడ స్టేషనులో మెట్రో రైలెక్కి పడమరగా పోయినచో అదే మార్గమున బేగంపేట వచ్చును. అచ్చట 1923లో జాగీర్దారుల కుమారుల నిమిత్తము ఒక వసతి పాఠశాల స్థాపింపబడినది. జాగీరులు రద్దయిన పిదప, 1951లో, అది హైదరాబాదు పబ్లిక్ స్కూలు ఆయెను. భోజనము, వసతి, మంచి గురువులు, ఆటస్థలము గల పాఠశాల యనగా ఆనాడు దొరబిడ్డల సొత్తు. రైతు కూలీల బిడ్డలకు అట్టిది కలలోని మాట. 1971 నవంబరు 23వ తేదీన అప్పటి నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామమున మొదటి ప్రభుత్వ గురుకుల పాఠశాల వెలసెను. సర్వేలు పట్టణము కాదు, జిల్లా కేంద్రమును కాదు. మీ ఊళ్ల వంటి ఊరు. అప్పటి ముఖ్యమంత్రి శ్రీ పి.వి. నరసింహారావు గారు. మరుసటి సంవత్సరము గుంటూరు జిల్లాలో తాడికొండ, అనంతపురము జిల్లాలో కొడిగెనహళ్లి గురుకులములు వచ్చినవి. వంగర గ్రామమున పెరిగి చదువు కొరకు హనుమకొండకు, నాగపూరుకు పోవలసివచ్చిన ఆయనకు గ్రామ బాలుని చదువులోని కష్టము తెలియనిది కాదు. 1985లో ఆయన కేంద్రమున మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి అయిన పిమ్మట, ఆ భావమే దేశమంతట నవోదయ విద్యాలయముల రూపమున వ్యాపించెను. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, వెనుకబడిన తరగతుల, అల్పసంఖ్యాక వర్గముల గురుకులములు వచ్చినవి. తాడ్వాయి గురుకులమున చదువుచుండిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరము నెక్కిన సంగతి మీరెరుగుదురు. ఆమె నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన గిరిజన బాలిక.

ఇక విషయమునకు వత్తము. ఈ విద్యాలయములలో ప్రవేశించుటకు మూడు ద్వారములు గలవు. మొదటిది చిన్నతనమున. తెలంగాణ గురుకులములలో అయిదవ తరగతిలో చేరుటకు నాలుగవ తరగతి చదువుచుండగా పరీక్ష వ్రాయవలెను. నవోదయలో ఆరవ తరగతిలో చేరుటకు అయిదవ తరగతి చదువుచుండగా వ్రాయవలెను. రెండవది ఎనిమిదవ తరగతి చదువుచుండగా, తొమ్మిదవ తరగతి ప్రవేశమునకు. నవోదయలోను, సైనిక పాఠశాలలోను ఇది గలదు. మూడవది పదవ తరగతిలో, గురుకుల జూనియర్ కళాశాలల కొరకు. మొదటి ద్వారము సంగతి గ్రామములలో కొంత తెలియును. అది మూసికొనిన పిదప, ఇక మన పిల్లవానికి యోగము లేదని ఊరకుందురు. ఉన్నత పాఠశాల బాలబాలికలకు తక్కిన రెండు ద్వారములు గలవని చెప్పువారు లేరు.

ఈ మూడు ద్వారముల ఎదుటను నిలుచుండిన ఒక బాలుని కథ చెప్పెదము. అతని పేరుగాని ఊరుగాని చెప్పము. మా వలన అతనికి ఒక నష్టము జరిగినది, కనుక కథ చెప్పుట మాత్రము మా విధి.

అతని మేనమామ మా వీధిలోని రైల్వే క్వార్టరులో కాపురముండెడివాడు. బాలుడు ఊరిలో రెండవ తరగతి చదువుచుండగా మేనమామ మా యొద్దకు వచ్చి, "పిల్లవాడు చురుకైనవాడు, నవోదయకు పంపవలెనని మా బావ కోరిక. ఇప్పటినుండియే ఇచ్చటికి తెచ్చి ఇంగ్లీషు బడిలో వేయుదునా?" అని సలహా అడిగెను. మేము ఆలోచింపక, తెమ్మంటిమి. పట్టణపు చదువు మేలని మా నమ్మకము. బాలుడు వచ్చెను. మూడు, నాలుగు, అయిదు తరగతులు మెట్టుగూడ పరిసరములలోనే చదివెను. మా వసారాలో లెక్కలు చేసెను. పరీక్ష వ్రాసినచో తప్పక నెగ్గగలడని మేము నలుగురము ఏకగ్రీవముగా నిశ్చయించితిమి.

దరఖాస్తు నింపుటకు కూర్చుండిన దినమున నిబంధనలను సాంతము చదివితిమి. ఏ జిల్లా నవోదయలో ప్రవేశము కోరుచున్నాడో ఆ జిల్లాలోనే నివసించుచు, ఆ జిల్లాలోనే అయిదవ తరగతి చదువుచుండవలెను. ఆ విద్యాలయపు స్థానములలో కనీసము 75 శాతము గ్రామీణ బాలలకు ప్రత్యేకింపబడినవి. కాని ఆ స్థానములను కోరువాడు మూడు, నాలుగు, అయిదు తరగతులను పూర్తిగా గ్రామీణ ప్రాంతపు పాఠశాలలోనే చదివి యుండవలెను. మా బాలుడు సరిగా ఆ మూడు సంవత్సరములే పట్టణమున గడపెను. పల్లెటూరి బిడ్డకై తెరచి యుంచిన తలుపును, పల్లెటూరి బిడ్డను పట్టణమునకు రప్పించి మేమే మూసితిమి. ఆరవ తరగతి పరీక్షను ఎవరును రెండవసారి వ్రాయరాదు గనుక, మరుసటి సంవత్సరమును ప్రయత్నింపవచ్చునను ఊరటయు లేదు.

ఆనాటి సాయంకాలము మేనమామ మమ్ములను ఒక్క మాటయు అనలేదు. అనినచో కొంత తేలికగా నుండెడిది.

కనుక సోదరులారా, ఈ ఒక్క నిబంధనను మీ పంచాయతి కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. పిల్లవానిని రెండవ తరగతి తరువాత పట్టణమునకు పంపదలచిన తల్లిదండ్రులు పంపక మునుపే దానిని చదువుకొందురు. పంపవలదని మేము చెప్పుట లేదు. ఏది వదలుకొనుచున్నారో తెలిసి పంపవలెను.

నవోదయ ప్రవేశ పరీక్షను గూర్చి ఒక భయము వ్యాపించి యున్నది. వేల రూపాయలు పోసి శిక్షణ కేంద్రమునకు పంపనిదే సీటు రాదని కొందరు ప్రచారము చేయుచున్నారు. ఆరవ తరగతి పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటల కాలము. అందు 40 ప్రశ్నలు మానసిక సామర్థ్యమునకు, 20 గణితమునకు, 20 భాషకు. గణితము ఆ తరగతి స్థాయి దాటదు. భాషా విభాగమున చిన్న వ్యాసఖండముల నిచ్చి వానిపై ప్రశ్నలు వేయుదురు. బిగ్గరగా గాక మనసులో చదివి అర్థము చేసికొను అలవాటున్న పిల్లకు అది కష్టము కాదు. బొమ్మలలో భిన్నమైన దానిని గుర్తించుట వంటి మానసిక ప్రశ్నలకు పరిచయము కావలెను, అంతియే. పాత ప్రశ్నపత్రములు అయిదారు సంపాదించి, ఊరి బడిలో సాయంకాలము గంటసేపు చేయించినచో ఆ పరిచయము కలుగును. మీ ఊరిలో డిగ్రీ చదివి ఉద్యోగమునకై ఎదురుచూచుచున్న యువకుడు ఒకడైనను ఉండక మానడు. అతనికి ఆ గంట అప్పగింపుడు. మరియొక మాట. పరీక్షను తెలుగులో వ్రాయు అవకాశము గలదు. దరఖాస్తులో ఏ భాష కోరినచో ఆ భాషలోనే ప్రశ్నపత్రము వచ్చును. ఇంట తెలుగు, బడిలో తెలుగు, ఆలోచన తెలుగు గల పిల్లకు గౌరవము కొరకు ఇంగ్లీషు అని వ్రాయించిన తండ్రులను మేము చూచితిమి. పరీక్షా మందిరమున ఆ గౌరవము పిల్లను ఆదుకొనలేదు.

ఇక మా బాలుడు. మేనమామ అతనిని మరల ఊరికి పంపెను. అతడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరి, ఎనిమిదవ తరగతికి వచ్చెను. అప్పుడు రెండవ ద్వారము.

తొమ్మిదవ తరగతిలో ఖాళీ అయిన స్థానములకు మాత్రమే ప్రవేశ పరీక్ష జరుగును గనుక, ఒక్కొక్క జిల్లాలో అవి ఎన్నియో వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. అయినను వ్రాయుట మేలు. ఆ పరీక్షకు 100 మార్కులు: గణితమునకు 35, సామాన్య శాస్త్రమునకు 35, ఇంగ్లీషునకు 15, హిందీకి 15. ఈ హిందీ యొద్దనే మన బాలలు దెబ్బ తినుచున్నారు. ఎందుకనగా, మన పదవ తరగతి పరీక్షలో తక్కిన విషయములకు 35 మార్కులు వచ్చిన గాని ఉత్తీర్ణత లేదు, ద్వితీయ భాష హిందీకి 20 చాలును. ఆ ఇరువది ఎటులైనను వచ్చునని పిల్లలు, పిల్లలతోపాటు పెద్దలును ఆ పుస్తకమును అటకమీద పెట్టుదురు. నవోదయలో ఆ పదునైదు మార్కులే ఎంపికను తేల్చివేయగలవు. హిందీ గంటలో పిల్లలను ఆటకు వదలివేయు అలవాటు మీ ఉన్నత పాఠశాలలో నున్నచో, ప్రధానోపాధ్యాయునితో మర్యాదగా మాటాడుట మీ బాధ్యత.

విచిత్రమేమనగా, మా బాలునికి హిందీ భయము లేదు. మూడేండ్లు రైల్వే క్వార్టర్ల మధ్య ఆడుకొనుటచే, బంతాటలో నేర్చిన హిందీ అతనికి మిగిలినది. పట్టణము అతని యొద్దనుండి తీసికొనిన దానిలో కొంత ఈ విధముగా తిరిగి ఇచ్చెను. అయినను ఆ సంవత్సరము అతనికి స్థానము దొరకలేదు. ఎంపికయైన వారి జాబితాలో పేరు లేదని తెలిసిన దినమున తండ్రి మాకు ఫోనుచేసి, "వీనికి వ్రాసిపెట్టి లేదు పంతులుగారూ" అనెను. వ్రాసిపెట్టవలసిన వారము మనమే గదా యని మేము బదులు చెప్పితిమి గాని, ఆ మాట మా చెవులకే అంత బలముగా వినిపించలేదు.

సైనిక పాఠశాలను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. విజయనగరము చెంత కోరుకొండలో 1962 నుండి, చిత్తూరు ప్రాంతపు కలికిరిలో 2014 నుండి ఇవి నడచుచున్నవి. ఆరవ తరగతికి, తొమ్మిదవ తరగతికి దేశమంతటికి ఒకే ప్రవేశ పరీక్ష. తొమ్మిదవ తరగతి ప్రశ్నపత్రము ఇంగ్లీషులోనే యుండును. 400 మార్కులలో 200 గణితమునకే. వ్రాత పరీక్ష నెగ్గిన వారికి దేహ పరీక్ష గలదు. 2021 నుండి బాలికలను కూడ చేర్చుకొనుచున్నారు. ఇచ్చట రుసుము చెల్లింపవలెను గనుక, విద్యార్థి వేతనముల సంగతి ముందుగా విచారించి గాని దిగరాదు. నవోదయలో భోజనము, వసతి, పుస్తకములు ఉచితము. ఆదాయ పరిమితి లేదు. తొమ్మిదవ తరగతి మొదలు విద్యాలయ వికాస నిధికని నెలసరి కొంత రుసుము గలదు గాని, బాలికలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి అదియు లేదు. రుసుము మాట విని దరఖాస్తు చింపివేసిన ఒక తల్లిని మేమెరుగుదుము. ఆమె కుమార్తెకు ఆ రుసుము వర్తింపనే వర్తింపదు.

ధ్రువపత్రముల సంగతి కొంత విపులముగా చెప్పవలసి యున్నది. తెలంగాణ గురుకులముల అయిదవ తరగతి ప్రవేశమునకు గ్రామీణ కుటుంబముల వార్షికాదాయము లక్షా యేబది వేల రూపాయలకు మించరాదు. దానికి తహసీల్దారు కార్యాలయమునుండి ఆదాయ ధ్రువపత్రము కావలెను. కుల ధ్రువపత్రము కావలెను. ఇవి మీసేవ కేంద్రము ద్వారా వచ్చును గాని, కోరిన గంటలో రావు. ప్రకటన వెలువడిన పిదప అందరును ఒక్కమారు పరుగెత్తుదురు. అప్పటికి గడువు దగ్గరపడును. కొన్ని సంవత్సరములుగా జరుగుచున్న రీతిని చూచినచో, వర్షాకాలమున నవోదయ దరఖాస్తులు, దసరా దీపావళి ప్రాంతమున సైనిక పాఠశాల దరఖాస్తులు, డిసెంబరు ప్రాంతమున తెలంగాణ గురుకుల దరఖాస్తులు మొదలగుచున్నవి. తేదీలు ముందు వెనుకలగుట కలదు. ఆంధ్రప్రదేశ్ గురుకులములకు ఆ రాష్ట్రమువారి ప్రవేశ పరీక్షలు వేరు. కావున నాట్లు ముగిసిన వెంటనే ధ్రువపత్రములు సిద్ధము చేసికొనుట ఉత్తమము.

అన్నిటికంటె చిక్కు తెచ్చునది పుట్టిన తేదీ. మన గ్రామములలో పిల్లలలో పలువురు జూన్ మాసముననే పుట్టుదురు! అనగా బడిలో చేర్చు నాడు పంతులు "ఎప్పుడు పుట్టినాడు?" అని అడుగగా, తల్లి "పత్తి ఏరు దినములలో" అని చెప్పును, పంతులు లెక్క కుదురునట్లు ఒక జూన్ తేదీ వేయును. ఆధార్‌లో మరియొక తేదీ, జనన నమోదులో వేరొక తేదీ. ప్రతి ప్రవేశ పరీక్షకును వయఃపరిమితి గలదు. తేదీలు కలియనిచో బిడ్డ ఎంత తెలివిగలదైనను పరిశీలనలో ఆగిపోవును. ఇంటి పేరు ఒక చోట ముందు, ఒక చోట వెనుక. ఒక చోట "లక్ష్మి", ఒక చోట "మహాలక్ష్మి". ఇవి చిన్నవిగా కనిపించును.

ఈ విషయమున మీ అధికారము స్వల్పమైనది కాదు. జననమును 21 దినములలో నమోదు చేయవలెనని 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము శాసించుచున్నది. ఆ నమోదు పుస్తకము మీ ఊరిలో, మీ పంచాయతి కార్యదర్శి చేతిలో గలదు. పేరు పెట్టకమునుపే నమోదైన శిశువునకు ఏడాదిలోపల పేరును రుసుము లేకయే చేర్పింపవచ్చును. ఆ తరువాత కూడ, పదునైదేండ్ల వరకు, ఆలస్య రుసుముతో చేర్పింపవచ్చును. 2023 అక్టోబరు 1 మొదలు పుట్టిన బిడ్డలకు బడిలో చేరునప్పుడు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రము ఒక్కటియే ఆధారము. ఆ బిడ్డలు ఇప్పుడు అంగన్‌వాడీ వయసునకు వచ్చుచున్నారు. రాబోవు గురుకుల విద్యార్థులు వారే. ఈ నెలలోనే వారి నమోదులను సరిచూచినచో, పదేండ్ల తరువాత మా వంటి వృద్ధులు వసారాలలో కూర్చుండి తల పట్టుకొనవలసిన పని యుండదు. పెద్ద పిల్లలకు ఎనిమిదవ తరగతిలో నున్నప్పుడే బడి రిజిస్టరును, ఆధార్‌ను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. పదవ తరగతి ధ్రువపత్రము ఒకమారు అచ్చయిన తరువాత సవరణ బహు కష్టము.

ఇపుడు మూడవ ద్వారము. మా బాలుడు పదవ తరగతిలో నుండగా గురుకుల జూనియర్ కళాశాల ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసెను. మేము ఫోనులోనే సలహాలిచ్చితిమి. ఈమారు నిబంధనలు ముందుగా చదివితిమి. పరీక్ష బాగుగా వ్రాసెను. ఫలితము వచ్చు దినములలో తండ్రి కూలిపనికి వేరొక జిల్లాకు పోయి యుండెను. దరఖాస్తును మండల కేంద్రమునందలి ఇంటర్నెట్ దుకాణములో నింపించిరి. దుకాణదారుడు తొందరలో తన ఫోను నంబరునే వ్రాసికొనెను. ఎంపిక సందేశము, ధ్రువపత్రముల పరిశీలనకు హాజరు కావలసిన తేదీ, అన్నియు అతని ఫోనుకే పోయినవి. అతనికి అట్టి సందేశములు దినమునకు వందలు. ఎవరి బిడ్డకని వెదకును?

ఆ ఊరి వార్డు సభ్యురాలు ఒకామె, తాను ఏడవ తరగతికి మించి చదువలేదు, ఊరిలో పదవ తరగతి వ్రాసిన పిల్లల పేర్లను, హాల్ టిక్కెట్టు నంబరులను తన లెక్కల పుస్తకములో వ్రాసికొని యుండెను. స్వయం సహాయక సంఘపు పొదుపు లెక్కలు వ్రాయు పుస్తకమది. ఫలితములు వెలువడినవని విని, కళాశాలలో చదువు తన కుమారునిచేత ఒక్కొక్క నంబరును ఫోనులో చూపించెను. బాలుని పేరు కనబడెను. పరిశీలన తేదీ మరునాడే. రాత్రి ఎనిమిది గంటలకు బాలుని ఇంటికి పోయి, తల్లిని లేపి, పత్రములన్నియు ఒక సంచిలో వేయించి, తెల్లవారుజామున మొదటి బస్సుకు తల్లీ కొడుకులను వెంటబెట్టుకొని తానే పోయెను. ఆదాయ ధ్రువపత్రము పాతదైనదని అచ్చటివారు అభ్యంతరము చెప్పగా, వారము దినములలో క్రొత్తది తెచ్చి యిత్తునని వ్రాసి యిచ్చి, మాట నిలుపుకొనెను. బాలుడు ఇప్పుడు ఆ కళాశాలలో చదువుచున్నాడు.

పట్టా పుచ్చుకొని ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన మేము నలుగురము చేయలేని పని ఒక పొదుపు లెక్కల పుస్తకము చేసెను. అట్టి పుస్తకము ప్రతి పంచాయతిలోను ఉండదగును. నాలుగు, అయిదు, ఎనిమిది, పది తరగతుల పిల్లల పేర్లు, పుట్టిన తేదీ, ఏ పత్రమున్నది, ఏది లేదు, ఏ పరీక్షకు దరఖాస్తు చేసిరి, ఎవరి ఫోను నంబరు ఇచ్చిరి, ఇంత చాలును. ఫోను నంబరు తల్లిదైనచో మరియు మంచిది, తండ్రి పనికి పోవును గాని తల్లి ఊరిలోనే యుండును. గడువు తేదీలను గ్రామసభలో చదివి వినిపింపవచ్చును. బడిలో ప్రకటన అంటించిన మాత్రమున అది ఇంటికి చేరదు.

సీటు వచ్చిన పిదప కూడ పోగొట్టుకొనువారు గలరని మొదట చెప్పితిమి. వారిలో బాలికలే ఎక్కువ. ఎంపికయైన పిల్లను పంపుటకు నాయనమ్మ ఒప్పుకొనదు, లేదా తమ్ముని చూచుకొనువారు లేరందురు. చేరవలసిన గడువు దాటినచో ఆ స్థానము జాబితాలో తరువాతి వారికి పోవును. ఇట్టి ఇంటికి సర్పంచి ఒకమారు పోయి కూర్చుండి మాటాడవలెను. ఉపదేశము చేయుటకు గాక, వారి భయమేమో వినుటకు. ఆ భయములలో కొన్ని నిజమైనవే. అన్నము బాగుండునా, జ్వరము వచ్చినచో ఎవరు చూతురు, రాత్రి కాపలా ఎవరు, అని తల్లి అడుగుట తప్పు కాదు. ఆ తల్లిని వెంటబెట్టుకొని పోయి వంటశాలను, పడక గదులను, స్నానపు గదులను చూపించుడు. లోపము కనబడినచో ప్రిన్సిపాలుకు అచ్చటనే తెలుపుడు. చేర్చిన తరువాత మొదటి నెల గడ్డుది. పిల్ల ఏడ్చి ఇంటికి రమ్మనును. సెలవు దినమున చూడబోవు తండ్రికి బస్సు ఖర్చు భారమైనచో, ఒకే విద్యాలయమున చదువు పిల్లల తండ్రులు వంతులు వేసికొని పోవు పద్ధతి కొన్ని ఊళ్లలో గలదు. ఒకరు పోయి అందరి పిల్లలను చూచి వత్తురు. ఇది మాకు మిక్కిలి నచ్చినది.

మీలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. చురుకైన పిల్లలందరు గురుకులములకు పోయినచో ఊరి బడి ఏమి కావలెను? ఈ సందేహము మాకును గలదు. ఎంత ప్రయత్నించినను నవోదయలో ఆరవ తరగతికి తీసికొనునది 80 మందికి మించదు. జిల్లా అంతటికి ఎనుబది. తక్కిన వేలాది పిల్లలు మీ ఊరి బడిలోనే యుందురు. ప్రవేశ పరీక్ష పేరిట సాయంకాలపు గంట పెట్టినపుడు, నెగ్గగలరని తోచిన నలుగురిని మాత్రమే కూర్చుండబెట్టి తక్కిన వారిని పంపివేయకుడు. తరగతిలోని అందరును కూర్చుండవలెను. ఆ లెక్కలు, ఆ చదువు ఎవరికి వచ్చినను ఊరికి వచ్చినట్లే. సీటు రాని పిల్లను ఊరిలో ఎవరును "తప్పినది" అని పిలువకుండ చూచుకొనుడు. మా బాలుడు రెండుమారులు తప్పినవాడు; మూడవమారు దరఖాస్తు చేయుటకు అతడు సిగ్గుపడెనని తల్లి తరువాత చెప్పినది.

కాలము మించినది, బస్సులు సిద్ధముగా నున్నవని డ్రైవరు రెండుమారులు తొంగి చూచెను. పాత ప్రశ్నపత్రములు కొన్ని, నమోదు పుస్తకమునకు గీతలు గీచిన నమూనా కాగితములు కొన్ని ఈ బల్లమీద నుంచితిమి. ఊరికొకటి చొప్పున తీసికొనిపొండు. ఎనిమిదవ తరగతి పిల్లలు గల ఊళ్లవారు ముందుగా రండు. ఆ పరీక్షను గూర్చి మీరడుగవలసినది ఇంకను ఉండునని మాకు తెలియును.